టైపింగ్ పొరపాటు

కుక్కర్ రెండో విజిల్ వేసేసరికి మగ్గం గదిలోంచి జగదీష్ కేక వినబడింది.

“సుకన్యా! రికార్డింగ్ నడుస్తాందని తెల్దా నీకు? ఇప్పుడే పెట్టల్నా కుక్కరు?”

సుకన్య మంట తగ్గించి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. “ఆదోని బస్సుకు బాక్సు కావాలంటిరి. బియ్యం వాటంతటవే ఉడుకుతాయా?”

“ముందన్నా పెట్టుకోవాల, నాది అయిపోయినాకన్నా పెట్టుకోవాల. ‘కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో’ అని నేను గంభీరంగా అంటాంటే యెనక తుస్సుమని విజిలు! వినేటోళ్ళు నవ్వరా?”

“నవ్వనీండి. వాళ్ళ ఇండ్లల్లో గూడ అన్నమే వండుతారు.”

“ఎప్పుడు చూసినా మాటకు మాట,” అని అతను తలుపు మూసుకున్నాడు.

ఎమ్మిగనూరులో వాళ్ళది నేతగాళ్ళ ఇల్లు. మగ్గం గదిలో నాలుగు గోడలకూ నూలు కట్టలు వేలాడుతుంటాయి కాబట్టి గొంతు ప్రతిధ్వనించదని కనిపెట్టినవాడు జగదీష్. ఆదోనిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. తెలుగులో ఆకాశం గురించి వీడియోలు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. అతను ఫోను స్టాండుకు బిగించగానే తండ్రి ఉరుకుందు మగ్గం గుంతలోంచి లేచి టీ అంగడికి పోతాడు. తల్లి అంబమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టే రాట్నం ఆపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. బాక్సు మాత్రం వేళకు సిద్ధం కావాలి.

ఆ వీడియోల్లో గొంతు అతనిది, మాటలు సుకన్యవి. పెళ్ళికి ముందు అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివింది. మొదట్లో జగదీష్, “నువ్వు చదివినదే గదా, కొంచెం చూసిపెట్టు” అన్నాడు. ఆ కొంచెం నెల తిరక్కుండానే మొత్తం అయింది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, అంట్లు తోమడానికీ సాయంత్రం పాలు కాచడానికీ మధ్య మిగిలిన వేళలో ఆమె ఫోనులో పరిశోధన పత్రాలు చదివేది. ఆ ఇంగ్లీషును విప్పి, ఆలూరు పిల్లకైనా కౌతాళం పిల్లవాడికైనా అందే తెలుగులో రాసేది. ఒక్కోమాట కోసం వారం వెతికిన సందర్భాలు ఉన్నాయి.

ఇప్పుడు రికార్డు అవుతున్నది ఆమె అన్నిటికంటే ఇష్టంగా రాసినది. ఎక్కడో దూరంగా వందల గెలాక్సీలు గుంపుగా ఉంటాయి. వాటి మధ్య ఖాళీ అనుకునే చోట కోట్ల డిగ్రీల వేడితో వాయువు నిండి ఉంటుంది. ఆ గుంపు నడిమధ్యన ఉన్న పెద్ద గెలాక్సీలోని కృష్ణబిలం ఉన్నట్టుండి భగ్గుమంటుంది. దాని దెబ్బకు ఆ వాయువులో మన పాలపుంతలు పదిహేను వరసగా పేర్చినా పట్టేంత గుంత పడింది ఒకచోట. ఆ గుంత అంచు శాస్త్రజ్ఞులకు ముందే కనబడింది. ఇంత బలం దేనికీ ఉండదులే అని పక్కన పెట్టేశారు. తర్వాత రేడియో టెలిస్కోపులు చూస్తే, మన పూణే దగ్గరి దానితో సహా, నిజమేనని తేలింది. ఇది చదివిన రోజు సుకన్య పొయ్యిమీది పప్పు మాడబెట్టింది. “యాడుంది నీ ధ్యాస?” అని అందరూ అడిగారు గానీ జవాబు కోసం ఎవరూ ఆగలేదు.

తలుపు వెనక జగదీష్ మళ్ళీ మొదలుపెట్టాడు. “మింగిందంతా ఒక్కసారిగా కక్కేస్తుంది ఈ కృష్ణబిలం!”

సుకన్య చేతిలోని గరిటె ఆగిపోయింది. ఆ వాక్యం ఆమె రాయలేదు. కృష్ణబిలం అంచు దాటి లోపలికి పోయినది ఏదీ తిరిగి రాదు. ఎగజిమ్మేది దాని చుట్టూ, అంచుకు బయట తిరిగే పదార్థమే అని వివరంగా రాసింది.

బాక్సు అందిస్తూ అడిగింది. “ఆ మాట ఎందుకు మార్చినారు? తప్పది.”

“జనాలకు కిక్కుండాల సుకన్యా. నువ్వు వంటింట్లో కూసోని రాస్తావు. కెమెరా ముందర కూసునేటోనికి తెలుస్తాది ఏది నడుస్తాదో.”

వీడియో బాగా నడిచింది. ఆదోనిలో ఒక డిగ్రీ కాలేజీ వాళ్ళు చూసి, ఆదివారం వచ్చి అదే విషయం మీద మాట్లాడమని జగదీష్‌ను పిలిచారు. అక్కడ ఫిజిక్స్ చెప్పే వనజ సుకన్యకు అనంతపురం స్నేహితురాలే. జగదీష్ ఉత్సాహంగా ప్లాను చెప్పాడు. “నా చెవిలో చిన్న ఇయర్‌బడ్ ఉంటాది. నువ్వు హాల్లో ఒక కడాకు కూసో. పిల్లోళ్ళు ఏమన్నా అడిగితే ఫోన్లో మెల్లగా చెప్పు. జుట్టు కొంచెం పెంచుకున్న్యా, కనబడదులే.” సుకన్య నవ్వింది. అతని చొక్కా ఇస్త్రీ కూడా చేసింది. మన ఛానలే గదా అనుకుంది. ఆ ‘మన’ అనే మాట మీదే ఇన్నాళ్ళూ సంసారం చేసింది.

శుక్రవారం సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ కామెంట్లు చూసింది. ఒకమ్మాయి మర్యాదగా అడిగింది: లోపలికి పోయింది బయటికి రాదు గదా సార్, మరి కక్కడం ఎట్లా? ఆ కింద ఇంకొందరు అదే అడిగారు. అన్నిటికీ పైన జగదీష్ జవాబు పెట్టాడు.

“క్షమించండి. స్క్రిప్టు మా ఇంట్లోవాళ్ళు టైప్ చేస్తారు. టైపింగ్‌లో పొరపాటు జరిగింది. ఇకమీదట నేనే సరిచూసుకుంటాను.”

దాని కింద ఎవరో రాశారు: “మేడమ్‌కు కొంచెం ఫిజిక్స్ నేర్పించండి సార్.” పక్కన పడీపడీ నవ్వే బొమ్మలు. దానికి జగదీష్ ఎర్రటి గుండె గుర్తు పెట్టాడు.

సుకన్య ఆ గుండెనే చూస్తూ కూర్చుంది. ఇన్ని వీడియోల్లో తన ఊసు రావడం ఇదే మొదలు. సూర్యుడి మచ్చలు సరిగ్గా చెప్పినప్పుడు రాలేదు, తోకచుక్క గురించి టీచర్లు మెచ్చుకున్నప్పుడు రాలేదు. తప్పు ఒకటి దొరగ్గానే, అదీ తనది కాని తప్పు, దాన్ని మొయ్యడానికి ‘ఇంట్లోవాళ్ళు’ గుర్తొచ్చారు. పేరు లేకపోయినా ఫరవాలేదనుకుంది ఇన్నాళ్ళూ. పేరు లేనిదానికి నింద మాత్రం ఎంత చక్కగా అతుక్కుంది! అయినా ఈ ఇంట్లో ఇదేం కొత్త? కాపురానికి వచ్చిన కొత్తలో అత్త ఒకసారి రాట్నం తిప్పుతూ అంది: “గుడ్డ బాగుంటే ఉరుకుందు చేతి పనంటారు పాపా. యాడన్నా పోగు తెగిందా, ‘ఏమ్మే, కండె ఎట్ల సుట్టినావు?’ అని నా మీదికొస్తారు.” చెప్పి, అదేదో వేడుకైనట్టు నవ్వింది. సర్కారు ఇచ్చే చేనేత కార్డుకు ఉరుకుందు ఫొటో తీసేవాడు వచ్చినప్పుడు, “అవ్వా, నువ్వు కొంచెం పక్కకు జరుగు” అంటే ఆమె రాట్నంతో సహా జరిగింది. అత్త నవ్వింది కాబట్టి సుకన్యా ఆ రోజు నవ్వింది.

జగదీష్ రాగానే ఫోను ముందు పెట్టింది. “ఇదేంది?”

అతను చెప్పులు విప్పుతూనే, “ఓ, అదా! ఆ పొద్దు ఏందో ఒకటి చెప్పల్ల గదా. ఆదివారం ప్రోగ్రామ్ పెట్టుకోని పరువు తీసుకుందునా?” అన్నాడు. “అయినా నీ పేరు ఎవురికి తెలుసు? నీదేం పోయింది?”

“నాకు ఫిజిక్స్ నేర్పించమన్న్యాడు. దానికి గుండె పెట్టినారు.”

“అబ్బా, తమాషాకు అన్న్యాడు లేప్పా! అన్నిటికీ పెట్టినట్లే దానికీ పెట్టినా. ఇంత చిన్నదానికి...”

కాఫీ అడిగి స్నానానికి పోయాడు. సుకన్య కాఫీ పెట్టలేదు. పెరట్లోకి పోయి వనజకు ఫోన్ చేసింది.

“వీడియోలో ఆ కక్కే మాట తప్ప మిగతాదంతా నువ్వేనని నాకు తెలుసు,” అంది వనజ. “మన ఎమ్మెస్సీ క్లాసులో నువ్వు బోర్డు దగ్గర నిలబడి చెప్పినట్లే ఉండె. అడిగితే నువ్వు ఇబ్బంది పడ్తావని ఊరుకున్న్యా.”

“ఇప్పుడు అడుగు వనజా.”

“రాసేది నువ్వేనా?” అని వనజ అడిగింది. సుకన్య అవునంది. ఆదివారం ఏం చేయాలో ఇద్దరూ మాట్లాడుకున్నారు.

మర్నాడు, శనివారం, మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. సుకన్య జొన్నరొట్టెలూ, వంకాయ కూరా, పచ్చి ఉల్లిగడ్డలూ మధ్యలో పెట్టి, తనకూ కంచం పెట్టుకుని వాళ్ళతోపాటే కూర్చుంది. ఉరుకుందు వింతగా చూశాడు.

“రేపు ఫోను ఫుల్ ఛార్జింగ్ పెట్టుకో,” అన్నాడు జగదీష్ రొట్టె తుంచుతూ.

“రేపు నేను మీ చెవిలో మాట్లాడను. స్టేజీ మీద మాట్లాడ్తాను. వనజకు చెప్పినా. వాళ్ళ ప్రిన్సిపాలు గూడ సరే అన్న్యారంట. పిల్లోళ్ళకు నా పేరే చెప్పినారు.”

రొట్టె ముక్క జగదీష్ చేతిలోనే ఉండిపోయింది. “ఏమంటాండావు? మా కాలేజీలో అందరికీ చెప్పుకున్న్యా నేను! నా మొహం యాడ పెట్టుకోవాల?”

“మొగుణ్ణి కింద కూసోబెట్టి ఆడమనిషి పైన మాట్లాడ్తాదా పాపా?” అంది అంబమ్మ మెల్లగా.

“ఇన్నాళ్ళు నేను కింద కూసుంటి గదత్తా. ఎవురికీ ఏం కాలేదే.”

అంబమ్మ కోడలి వైపు చూసింది.

“సరే, మాట్లాడు,” అన్నాడు జగదీష్, గొంతు తగ్గించి. “ఆ తప్పు సంగతి మాత్రం ఎత్తొద్దు.”

“దాంతోనే మొదలుపెడ్తాను. నేనేం రాసినానో, మీరేం మార్చినారో చెప్పినాకనే మిగతాది.”

“మరి నేను ఆడికి వచ్చి ఏం జెయ్యాల?”

సుకన్య రొట్టెలోకి కూర వేసుకుంది. ఇంకా వేడిగానే ఉంది.

“వినండి. చివర్న ప్రశ్నలకు టైమిస్తాను. అర్థం కానిది అడగండి, చెప్తాను.”