నల్లమడి నారు

నల్ల మట్టి మీద పచ్చటి నారు.

ఎంత పచ్చదనమో! చూస్తే జగ్గమ్మకు కడుపు నిండాలి. నిండలేదు... ఏడుపొచ్చింది.

ఆ నలుపు మట్టిది కాదు. చీపురుపల్లి దారిలో, చెరువు పైగట్టున, మాంగనీసు రాయిని పొడి కొట్టిన మిల్లుది. మిల్లు ఎప్పుడో మూతపడింది. పొడి మాత్రం ఏటేటా వానకు చెరువులోకి దిగింది.

చెరువు ఏమీ అనలేదు. దాచుకుంది.

హుద్‌హుద్ తుపాను మరుసటి ఎండాకాలం చెరువు ఎండింది. చెరువు మట్టి తోలితే చేనుకు బలమని తాతలనాటి మాట. అందరికన్నా ముందు బండి కట్టింది జగ్గమ్మ మొగుడు జగన్నాధమే. ఆ మిల్లులో పనిచేసినవాడే! ఆ పొడిని ఊపిరితో తాగినవాడే! అయినా చెరువు చెడు చేయదని నమ్మాడు, పిచ్చి మనిషి.

ఆ ఏడు వరి పండుబారింది. ఆకుల మీద మచ్చలు పడ్డాయి. చచ్చింది.

అంతా చచ్చింది... ఒక్క మూల తప్ప.

ఆ మూల చాపంత మేర కొన్ని దుబ్బులు. పచ్చగా, పొగరుగా. వాటి వెన్నులు కోసి విత్తనానికి దాచాడు జగన్నాధం.

వ్యవసాయ కాలేజీలో చదివే కూతురు సుహాసిని వచ్చి, గట్టు మీద కూర్చుని చెప్పింది.

"వేరులో మోతగాళ్లుంటారు నాన్నా. ప్రోటీన్లు. లోనికొచ్చిన విషాన్ని మోసుకెళ్లి, గాదెలాంటి గదిలో పోసి మూత పెట్టేస్తాయి. ఈ దుబ్బుల్లో మోతగాళ్లు గట్టివాళ్లు."

"మరి ఆ గాదె మనిసికి లేదేటమ్మా?"

సుహాసిని తండ్రి చేతిని చూడలేక మబ్బుల్ని చూసింది.

ఆ చెయ్యి వణుకుతోంది. మిల్లు పొడి తలకెక్కిందని, ఇక దిగదని విజయనగరం డాక్టరు చెప్పేశాడు.

ఊరంతటికీ మంచి చెయ్యి అది. ఎవరి ఆకుమడిలోనైనా మొదటి గుప్పెడు జగన్నాధమే చల్లాలి. ఆ తరువాతే ఇంకెవరైనా. ఈ ఆషాఢంలో ఎవరూ పిలవలేదు. పిలవకపోవడమే మర్యాద అనుకున్నారు, పాపం. ఆ మర్యాదకే అతను సగం చచ్చాడు.

తన మడి ఉందిగా. తన విత్తనం ఉందిగా.

మొలకెత్తిన గింజల గంప చంకన పెట్టుకుని మడిలోకి దిగాడు. చెయ్యి లేచింది. వణికింది. గింజలన్నీ పాదాల దగ్గరే రాలాయి.

మళ్లీ తీశాడు. మళ్లీ అంతే.

జగ్గమ్మ గట్టు దిగి అతని మణికట్టు పట్టుకుంది.

"వొదిలే జగ్గీ. నా వల్ల కాదే. నువ్వు సల్లీ."

"నాకేటి తెలుసు సల్లడం? సెయ్యి నీదే. నాను వొట్టినే పట్టుకుంటాను. ఇసురు మావా."

విసిరాడు. ఆమె చేతిలో అతని చెయ్యి... అతని చేతిలో మొలక. మడంతా తిరిగారు. ఆ వణుకు ఆమె భుజందాకా పాకింది. ఇన్నేళ్ల కాపురంలో అతను అంత బరువుగా ఎప్పుడూ లేడు.

ఇప్పుడు నారు లేచింది.

ఒక్కచోట మాత్రం ఊపిరాడనంత ఒత్తుగా లేచింది — గింజలు చెయ్యి జారినచోట. ఒత్తు నారు పలచన చేయాలి, లేకుంటే సన్నబడిపోతుంది. అది జగ్గమ్మకు ఒకరు చెప్పాలా? వంగింది. పట్టుకుంది.

పీకలేకపోయింది.

జగన్నాధం గట్టు మీద కూర్చున్నాడు. రెండు చేతులూ తొడల కింద దాచుకుని.

"మోస్తన్నాయేటే?" అన్నాడు.

"మోస్తన్నాయి మావా."

కంటికి కనబడని చోట నారు వేర్లు విషాన్ని మోస్తూనే ఉన్నాయి. గాదెలో పోసి, మూత పెడుతూనే ఉన్నాయి. మరి జగ్గమ్మ... తన దుఃఖాన్ని ఎక్కడ పోసుకోవాలి?

నల్ల మట్టి మీద పచ్చటి నారు.

వణుకుతోంది... గాలికో, మరి దేనికో.