ప్రిన్సిపాల్‌గారి ముందు వరస

కొవ్వూరులోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీకి రెండు వేల ఏడులో కొత్త కంప్యూటర్లు వచ్చాయి. కంప్యూటర్ సైన్సు చెప్పే మంజుష వాటిని ఆన్ చేసి చూసి నిట్టూర్చింది. ఎవరూ అడగని సరుకంతా కంపెనీవాళ్ళు ముందే ఎక్కించి పంపారు. నెల దాటితే డబ్బు కట్టమనే యాంటీవైరస్, ఫొటోలకు రంగులద్దే సాఫ్ట్‌వేర్, ఏవో ఆటలు, పైన పేరుకున్న టూల్‌బార్లు. మిషన్ తెరుచుకునేలోపు పిల్లలు బయటికెళ్ళి టీ తాగి వచ్చేవారు.

ఒక్కొక్కటీ చేత్తో తీయడం అయ్యే పని కాదని ఆమె ఒక చిన్న స్క్రిప్టు రాసింది. ఏవేవి తీసెయ్యాలో వరసగా ఆదేశాలున్న ఫైలు అది. దాని మీద నొక్కితే చాలు, చెత్తంతా దానంతటదే పోతుంది. ముందు ఒక మిషన్ మీద నడిపి చూసుకుని, తర్వాత అన్నిటి మీదా నడిపింది. మిషన్లు చురుగ్గా తెరుచుకోసాగాయి.

ప్రిన్సిపాల్ భద్రిరాజుగారు మొహం ముడుచుకుని వచ్చారు. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలిసిందల్లా గదిలోకి చెప్పులతో రాకూడదని, సాయంత్రం గుడ్డ కప్పాలని. తెర మీద బొమ్మలు తగ్గాయని మాత్రం కనిపెట్టగలిగారు.

"కంపెనీవాడు ఇచ్చినవన్నీ తీసేశారేంటండి మేడం? సారె కావిడి తెచ్చి కాలవలో పారబోసినట్టుంది."

"సారె కాదండి. పిలవకుండా వచ్చి మంచం ఎక్కిన చుట్టాలండి అవి."

ఆయన వినలేదు. తెర నిండుగా ఉంటేనే తల్లిదండ్రులకు కాలేజీ నిండుగా కనిపిస్తుందన్నారు. పేరెంట్స్ మీటింగ్ నాటికి ముందు వరసలోవైనా యథాతథంగా ఉండాలని పట్టుబట్టారు. మంజుష ఎంత చెప్పినా లాభం లేకపోయింది. తను తీసేసిన చెత్తను కంపెనీ డిస్కుల్లోంచి ముందు వరస మిషన్లలోకి మళ్ళీ తనే ఎక్కించింది. ఊడ్చిన వాకిట్లో తన చేత్తోనే పెంట పోసుకున్నట్టనిపించింది.

మీటింగ్ రోజున భద్రిరాజుగారు ముందు వరసలో నిలబడి కాలేజీ ఫొటోలు చూపిస్తూ, ఇలాంటి ల్యాబ్ గోదావరికి ఈ గట్టునా లేదు, ఆ గట్టునా లేదని చెప్పసాగారు. ఫొటోల మీద ఎర్రటి పెట్టె ఒకటి లేచింది, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉందని. ఆయన దాన్ని మూశారు. ఫొటో సాఫ్ట్‌వేర్ లేచి, నన్ను కొనుక్కోండి అంది. దాన్నీ మూశారు. అప్పుడు మిషన్ ఏవో అప్‌డేట్లున్నాయంటూ ఆగిపోయి మళ్ళీ మొదలైంది. ఎవరో కిసుక్కుమన్నారు.

రొయ్యల చెరువుల రైతు పల్లంరాజుగారు కూతురితో వచ్చి వెనక బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. ఆయన అక్కడి తెర చూసి, "ఇది బానే ఉంది కదండి, ఇందులో చూపించండి" అన్నారు. అందులో ఫొటోలు ఏ అడ్డూ లేకుండా నడిచాయి.

భద్రిరాజుగారు తడుముకోలేదు. "అదేనండి మా గొప్ప. చెత్త ఉంటే ఎలా ఉంటుందో, తీసేస్తే ఎలా ఉంటుందో మీకు తెలియాలని ముందు వరస కావాలనే అలా ఉంచామండి."

అందరూ చప్పట్లు కొట్టారు. మంజుషకు కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదుటి మనిషికి కాస్త బరువుండాలి.

మర్నాడు ఆయన పిలిపించి ముందు వరస కూడా శుభ్రం చెయ్యమన్నారు. ఇంకో కోరికా ఉంది. స్క్రిప్టు నడిచేటప్పుడు తెర మీద తన పేరు కనపడాలట. ఆమె అలాగేనండి అంది.

పిల్లలందరి ఎదుటా నడిపింది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో, ప్రిన్సిపాల్ భద్రిరాజు అని వచ్చింది. ఆ కిందే, అక్కర్లేనిదాన్ని తొలగిస్తున్నాం, దయచేసి ఆగండి అని. పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వారు. భద్రిరాజుగారు రెండు లైన్లూ చదివి, తృప్తిగా తలూపి, దాన్ని ఫొటో తీయించి నోటీసు బోర్డులో పెట్టమన్నారు.