క్రీ.శ. ఎనిమిదివేలలో ఒక రోమన్ టోపీ

మార్చి పద్నాలుగు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, హైదరాబాదు శివార్లలోని ఒక సినిమా సెట్టులో, పన్నెండు అడుగుల స్తంభం సదయ్య కుడి భుజం మీద పడింది. అప్పుడు నేను అతని తల మీద ఉన్నాను. నేను ఒక ఇనుప రేకు శిరస్త్రాణాన్ని. నాకు సొట్ట కూడా పడలేదు.

స్తంభం పడేముందు వెనక వరుసలోంచి తోటి సిపాయి వేషగాడు ఐలయ్య మూడుసార్లు అరిచాడు. "జరుగు సదన్నా!" మూడు కేకలూ నా దాకా వచ్చాయి. నా లోపలికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే నా పుట్టుక చెప్పాలి.

నన్ను గుంటూరులో షేక్ మస్తాన్ అనే రేకు పనివాడు చేశాడు. అక్కడొక చర్చిలో గుడ్ ఫ్రైడే నాటకానికి ఆరుగురు రోమన్ సిపాయిలు కావలసి వచ్చారు. కొలతలు ఇచ్చింది ప్రకాశరావు మాస్టారు. ఆయన హైస్కూల్లో చరిత్ర చెప్పేవాడు. చెవుల దగ్గర రేకు కోయమన్నాడు.

"నిక్షేపంలాంటి రేకు మాస్టారూ, కోసి పారేయటం దేనికండీ?" అన్నాడు మస్తాన్.

"సిపాయికి ఆజ్ఞ వినపడాలయ్యా. రోమ్‌లో రెండువేల ఏళ్ల కిందటే చెవికి దారి వదిలారు. నువ్వు వాళ్లకన్నా మొనగాడివా?"

"నేను కాదులెండి. మీరేమోనని అడిగా."

మస్తాన్ కోశాడు. చర్మానికి గీసుకోకుండా అంచు లోపలికి మడిచాడు. పదకొండు గుడ్ ఫ్రైడేలు నేను శిలువ పక్కన నిలబడ్డాను. కొరడా పట్టినవాడి తల మీద ఉన్నాను. అందులో నాకు గర్వమేమీ లేదు. కానీ మాస్టారు "ఇక చాలు, ఆపండి" అంటే నా కింద ఉన్నవాడికి వినపడేది. అతను ఆపేవాడు.

తరవాత చర్చివాళ్లు ప్లాస్టిక్‌వి కొనుక్కున్నారు. మేం ఆరుగురం హైదరాబాదు కృష్ణానగర్‌లో దుస్తులు అద్దెకిచ్చే దుకాణానికి చేరాం. అక్కడి నుంచి మమ్మల్ని ఆ సినిమాకు తీసుకెళ్లింది కళా విభాగంలో సహాయకుడు నిఖిలేష్.

కథ జరిగేది క్రీస్తుశకం ఎనిమిదివేలలో. మనుషులు మూడువందల గ్రహాలు ఆక్రమించారు. ఆ మూడువందల గ్రహాలకూ ఒక చక్రవర్తి. అతనికి ఎర్ర శాలువా, ఆకుల కిరీటం. పాలరాతి సభ, అందులో ముసలి సభ్యులు, వాళ్ల చేతుల్లో కత్తులు. రథాలకు గుర్రాలు తీసేసి వెనక మంట పెట్టారు. గోదాలో బానిసలు కొట్టుకుంటారు, చక్రవర్తి బొటనవేలు చూపిస్తే చస్తారు. ఆరువేల ఏళ్ల తరవాత మనిషి ఎలా బతుకుతాడని అడిగితే ఈ సినిమావాళ్లకు దొరికిన జవాబు ఇది.

"అన్ని దేశాలవాళ్లూ ఇదే తీస్తున్నారు. రోమ్ లేకపోతే ఆకాశంలో సామ్రాజ్యం ఎలా ఉంటుందో జనానికి అర్థం కాదు," అని నిఖిలేష్ దర్శకుడికి చెప్పాడు. రోమ్ నుంచి వీళ్లు సింహాసనం తీసుకున్నారు. నా నెత్తిమీది కుచ్చు తీసుకున్నారు. చెవి రంధ్రాలు మాత్రం వద్దన్నారు. రంధ్రం ఉంటే అంతరిక్షంలా కనపడదట. మా ఆరింటికీ చెవుల మీద రేకు ముక్కలు అతికించి టంకం పెట్టారు. లోపల స్పాంజి కుక్కారు. ముందు నల్ల అద్దం బిగించి, పైన వెండి రంగు కొట్టారు. వెనక వరుసలవాళ్లవి ఫైబర్ టోపీలు. అవి చెవుల పైకే ఆగుతాయి.

సదయ్యది జనగామ దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. షూటింగ్ మొదటిరోజు నన్ను పెట్టుకోగానే తీసేశాడు.

"సారూ, చెవులు మూసిన్రు. కట్ అంటే నాకెట్ల ఎరుకైతది?"

"పక్కవాడు ఆగితే నువ్వూ ఆగు," అన్నాడు నిఖిలేష్.

ఐలయ్య నవ్వాడు. "అదృష్టవంతునివే సదన్నా! చక్రవర్తి డైలాగులు మేం వినాలె, నీకా బాధ లేదు."

సదయ్య కూడా నవ్వి నన్ను మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తరవాత కూడా రోజూ అడుగుతూనే ఉన్నాడు. పద్నాలుగో రోజు, స్తంభానికి కట్టిన తాడు పదకొండూ ఇరవైకి జారింది. ముందు వరుసలో కుడి చివర ఉన్నది సదయ్య.

పదకొండూ యాభైకి అతన్ని వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. పన్నెండున్నరకు నిఖిలేష్ కటింగ్ మిషను తెచ్చాడు. చెవుల మీది రేకు ముక్కలు తీసేశాడు, టంకం అరగదీశాడు, స్పాంజిని చెత్త సంచిలో వేశాడు. ఒంటిగంటకల్లా ఆరింటికీ చెవులు తెరుచుకున్నాయి. పదమూడు రోజులు నోటితో అడిగితే తెరవని చెవులు అరగంటలో తెరిచారు.

మూడు గంటలకు పోలీసులు వచ్చారు. పంచనామాలో ఇలా రాశారు: "శిరస్త్రాణమునకు చెవుల వద్ద రెండు రంధ్రములు కలవు. వినికిడికి అడ్డు లేదు."

సదయ్య భుజంలో ప్లేటు వేశారు. చెయ్యి భుజం కన్నా పైకి లేవదని డాక్టరు చెప్పాడు. కేకలు విన్నా జరగకపోవడం అతని నిర్లక్ష్యమేనని సినిమా కంపెనీ ఉత్తరం రాసింది. ఆ మాట నిలిస్తే సెట్లకు మనుషుల్ని పంపే ఏజెంటు అతని పేరు కొట్టేస్తాడు, ఇక ఏ సెట్టుకూ పిలుపు రాదు. ఉత్తరంతోపాటు నన్ను కూడా జూనియర్ ఆర్టిస్టుల సంఘానికి పంపారు. కంపెనీ తరఫు సాక్ష్యం నేనే.

జూన్ ఇరవైన సంఘం కార్యాలయంలో విచారణ జరిగింది. సదయ్య భార్య కనకలక్ష్మి వచ్చింది. కంపెనీ మేనేజరు నా చెవిలో వేలు దూర్చి చూపించాడు.

"చూడమ్మా, వేలు దూరుతోంది. కేక దూరదా?"

"మా ఆయినకు చెవుడు లేదు సారూ. వంటింట్ల చెంచ పడ్డా ఉలిక్కిపడ్తడు. మూసింది మీరే, తెరిచింది మీరే."

"ఎవరు చూశారు?"

"నేను చూసిన," అన్నాడు ఐలయ్య.

"నువ్వు ఆయన దోస్తువి."

"దుష్మన్లు ఎవలన్న చూసిన్రేమో అడుగున్రి మరి!"

సంఘం కార్యదర్శి ఆ రోజు షూటింగ్ దృశ్యాలు అడిగాడు. తుడిచేశామన్నాడు మేనేజరు. నిఖిలేష్‌ను అడిగితే తల దించుకుని, తనకు గుర్తు లేదన్నాడు. విచారణ వాయిదా పడింది. నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆగస్టు తొమ్మిదిన బీరువా తెరిచారు. బల్ల మీద సినిమా పోస్టరు పరిచి ఉంది. కనకలక్ష్మి దాన్ని ఎర్రగడ్డలో ఒక గోడ మీంచి ఊడదీసి తెచ్చింది. వెనక అంటించిన మైదా జిగురు ఇంకా తడిగా ఉంది. ఆ ఫొటో మార్చి పద్నాలుగు ఉదయం తొమ్మిదింటికి తీసింది. మధ్యలో చక్రవర్తి. అతని ముందు ఆరుగురు సిపాయిలు. కుడి చివర సదయ్య, అతని వెనక ఆ స్తంభం. ఆరు శిరస్త్రాణాల్లో దేనికీ చెవి రంధ్రాలు లేవు.

కార్యదర్శి నన్ను పోస్టరు పక్కన పెట్టి ఫొటో తీయించాడు. పోస్టరును మడిచి, ఫైలులో నలభై ఒకటో కాగితంగా చేర్చాడు.