మొండయ్య బల్ల

మొండయ్య కంప్యూటరు ర్యామ్ పట్టీని గుడ్డ మీద పెట్టి దాని బంగారు రంగు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్దుతున్నాడు. పైనుంచి కిందికే రుద్దాలి, ఎదురు రుద్దకూడదు. రబ్బరు అరిగి అరిగి కుంకుడుకాయంత అయింది. కొత్తది కొనుక్కోరాదా అంటే ఇదే చేతికి అలవాటైందంటాడు. మొండితనం పేరులోనే ఉంది మరి! ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయాక పుట్టినవాణ్ణి, వీడైనా మొండికేసి బతకాలని తల్లి అలా పిలుచుకుంది.

హనుమకొండ చౌరస్తా వెనక సందులో ఉన్న ఆ రిపేరు షాపుకు యజమాని భానుచందర్. అతనికి పని నేర్పింది మాత్రం మొండయ్యే. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, అవి పోయాక కంప్యూటర్లు. లోకం మారిన ప్రతిసారీ ఓనమాల నుంచి దిద్దుకున్నాడు పాపం. నోరు తక్కువ మనిషి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పేవాడు.

"కండ్లు మోసం చేస్తయ్ బిడ్డా, వేలు చెయ్యది. వైరు కూసుంటే టక్కుమని వేలుకు తగలాలె. చేతికి తెలువనోడు ఈ బల్ల కాడ కూసోవద్దు."

ఆ మాట మీదే నాలుగేళ్ళ కిందట వెంకటేశ్వర్లు అనే పనివాణ్ణి ఇంటికి పంపించేశాడు. భానుచందర్ బతిమాలినా వినలేదు.

ఇప్పుడు ఆ మొండయ్య వేళ్ళ కొసలే ఆరు నెలలుగా మొద్దుబారాయి. షుగరు. దవాఖానలో డాక్టరు సూదితో గుచ్చి తెలుస్తోందా అని అడిగితే, తెలియకపోయినా తలూపి వచ్చాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే బల్ల పోతుంది. బల్ల పోతే పొద్దున లేచి ఎక్కడికి పోవాలో ఆయనకు తెలియదు.

పదకొండింటికి మడికొండ నుంచి ఆటో వచ్చి ఆగింది. కావ్య దిగింది. వెనకే వాళ్ళ అత్త సమ్మమ్మ కంప్యూటరు డబ్బాను రెండు చేతులా పొదివి పట్టుకొని దిగింది. కాలిపోయిన పవర్ సప్లై మార్చి, ఆడించి చూపించి, నిన్న సాయంత్రం మొండయ్యే పంపిన మిషను అది.

"ఫ్యాన్ తిరుగుతాంది కాకా, స్క్రీన్ వస్తలేదు," అంది కావ్య. "రేపు కోర్టుల ఇచ్చే కాయితాలన్నీ దీంట్లనే టైప్ చేసిన. వకీలు సారు ఒకటే ఫోన్లు. ఇదంతా మా అత్తమ్మ చేసింది."

సమ్మమ్మ తల దించుకుంది. జరిగిందేమిటంటే, బాగుపడి ఇంటికొచ్చిన మిషనుకు దిష్టి తగలకూడదని, మేడారం జాతరలో తల్లులకు మొక్కి తెచ్చిన బెల్లం గడ్డ దాని నెత్తిన పెట్టి దండం పెట్టుకుంది. ఆ జాతర బెల్లాన్ని బెల్లం అనకూడదు, బంగారం అనాలి. తెల్లారేసరికి ఆ బంగారానికి చీమలు బారులు కట్టాయి.

"పెట్టకు అంటే ఇనలే. చీమలు లోపలికి పోయి ఖరాబు చేసినయ్."

"తల్లులు సల్లగ సూస్తరని పెట్టిన," అంది సమ్మమ్మ. ఆమె పొద్దున్నుంచి ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది.

"చీమలేనమ్మా, ఇంకేంది," అన్నాడు భానుచందర్. "మా కాకా చేసిన పనికి వంక ఉండది."

మొండయ్య మూత విప్పాడు. చీమలున్న మాట నిజమే. అంచున ఏడెనిమిది తిరుగుతున్నాయి. కుంచెతో దులిపి స్విచ్ వేశాడు. ఫ్యాన్ తిరిగింది, తెర నల్లగానే ఉంది. ర్యామ్ తీసేసి మళ్ళీ స్విచ్ వేశాడు. ర్యామ్ లేకపోతే బోర్డు కూతపెట్టాలి. కూత లేదు. అంటే ప్రాసెసరే మేలుకోలేదు. దానికి కరెంటు అందించే నాలుగు తీగల వైరు వైపు వంగి, కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. ఒక పక్క లేచి ఉంది. నిన్న ఇక్కడ ఎలాగో అంటుకొని ఆడింది, దారి గతుకులకు వదులైంది.

పెట్టింది తనే. టక్కుమందనే అనుకున్నాడు.

గట్టిగా నొక్కాడు. చప్పుడు చెవికి వినబడింది, వేలికి ఏమీ తగల్లేదు. ర్యామ్ పెట్టి స్విచ్ వేశాడు. చిన్న కూత వచ్చి తెర వెలిగింది.

"చీమలేనా కాకా?" అంది కావ్య.

తలూపితే చాలు. దవాఖానలో ఊపిన తలే. చీమలు వచ్చి సాక్ష్యం చెప్పవు కదా! సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆయన వైపే చూస్తోంది. మొండయ్యకు సిగ్గేసింది.

"చీమలు గాదు బిడ్డా. వైరు నేనే సక్కగ పెట్టలే. తప్పు నాది. మీ అత్తమ్మను ఏమనకు."

"గదెట్ల కాకా?" అన్నాడు భానుచందర్. "నీ వేలుకు తెలుస్తది గద."

"తెలుస్తలేదు. ఆరు నెలలాయె."

కావ్యే ముందు తేరుకుని, "పా అత్తమ్మా, మూలమీద ఇడ్లీ తిని పోదాం," అంది. సమ్మమ్మ కొంగుముడి విప్పి బంగారం ముక్క మొండయ్య చేతిలో పెట్టింది. షుగరు మనిషి. అయినా కళ్ళకద్దుకొని, గోటితో గిల్లి ఇంత నోట్లో వేసుకున్నాడు.

సాయంత్రం దాకా మిగిలిన రెండు మిషన్లు ముగించాడు. ప్రతి వైరూ భానుచందర్ చేత మళ్ళీ నొక్కించాడు. ఆరింటికి బల్ల తుడిచి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకున్నాడు.

"రేపటి సంది రాను బిడ్డా."

"ఎందుకు కాకా? కౌంటర్ల కూసో. గిరాకీతోటి మాట్లాడు, చాలు."

"వెంకటేశ్వర్లుకు కౌంటర్ ఇయ్యలే గద మనం."

మొండయ్య మెట్లు దిగి, సందు చివర జనంలో కలిసిపోయాడు. భానుచందర్ లైటు తీయబోతూ బల్ల వైపు చూశాడు. మడిచిపెట్టిన గుడ్డ మీద, బొటనవేలు ఆనీ ఆనీ గుంటపడిన రబ్బరు ముక్క ఉంది.