టైరులో సొరపాదు

వంతెన మీదుగా నీళ్ళు పారిన పెద్ద వరద వచ్చిందే, ఆ మరుసటి ఏడు జరిగింది ఇది. అంతకుముందు వచ్చింది చిన్న వరద. గడప దాకా వచ్చి, చూసి పోయింది. పెద్దది చూసి పోలేదు. వెనక గోడను, వంటింటిని, మా ఆవిడ పెరడును ఎత్తుకుపోయింది. ఉత్త చేతులతో పోవడం మర్యాద కాదన్నట్టు పెరడు ఉన్నచోట నడుం లోతు ఇసుక పెట్టి పోయింది.

నాది పంక్చర్ల షాపు. అందులోకీ నీళ్ళొచ్చాయి. కానీ టైర్లు తేలతాయి. ఒక్కటీ పోలేదు. ఒకే ఇంట్లో మొగుడి సరుకు తేలింది, పెళ్ళాం సరుకు మునిగింది.

ఇళ్ళు పోయినవాళ్ళకు అంతస్తుల ఇళ్ళు కట్టి ఇచ్చారు. మాకు అన్నిటికన్నా పైది వచ్చింది. ఇక ఏ వరదా మిమ్మల్ని అందుకోలేదు అని అందరూ సంతోషించారు. నిజమే. మట్టి కూడా అందుకోలేదు. ఆ సంగతి ఎవరూ అనలేదు, నేను కూడా.

నేను తక్కువ మాట్లాడతాను. బళ్ళో పంతులు ఏదడిగినా నిలబడి ఊరుకునేవాణ్ణి. తెలియక ఊరుకున్నానో, తెలిసి ఊరుకున్నానో ఆయనకు తేలక మూడో ఏడు మాన్పించమన్నారు. నా పనిలో మాట అక్కర్లేదు. ట్యూబుకు గాలి కొట్టి తొట్టిలో ముంచితే చిల్లు ఎక్కడుందో బుడగలే చెబుతాయి. ఇంట్లోనూ అక్కర్లేకపోయింది. ఇద్దరి వంతూ మా ఆవిడే మాట్లాడేది. నాతో కొంత, మిగతాదంతా పెరడుతో. వంగమొక్కను సోమరిపోతని తిట్టేది. చిక్కుడుపాదును పట్టుకుని, "పక్కింటి గోడెక్కుతున్నావేం, ఇక్కడ నీకేం తక్కువ చేశాను?" అని నిలదీసేది. సొరపాదును మాత్రం ఒక్క మాట అనేది కాదు. దాన్ని 'అమ్మా' అనేది. నన్ను ఏమనేదో ఇక్కడ రాయను.

అటువంటి మనిషి వరద తరవాత నోరు కట్టేసుకుంది. "అన్నం పెట్టాను." "తలుపేసుకో." ఈ రెండు మాటలతో సంసారం నడిచింది. 

షాపు దగ్గర అందరూ నన్ను అదృష్టవంతుణ్ణి అన్నారు. "పెద్దాయనా, మీ ఇంట్లో ఉలుకూ పలుకూ లేదటగా. ఏ మందు పెట్టావో కాస్త నాకూ చెప్పు" అన్నాడు రోజూ గాలి కొట్టించుకునే ఆటో అతను. నేను ట్యూబు నీళ్ళలో ముంచాను.

కానీ గోడ గడియారం ఆగిపోయిన ఇల్లు ఎలా ఉంటుందో అలా ఉంది ఇల్లు. పైగా ఆవిడ తిండి తగ్గిపోయింది. వసారాకు వీపు పెట్టి, గోడకేసి కూర్చునేది. జాకెట్లు వదులైపోయాయి. మా అమ్మాయిది అదే భవనంలో కింది అంతస్తు. రోజూ వచ్చి చూసి, "ఇలాగే ఉంటే అమ్మ మనకు దక్కదు నాన్నా" అని ఒకరోజు మెట్ల మీద నన్ను పట్టుకుని అంది.

డాక్టరుకు చూపించాం. గొంతు బాగుంది, చెవులు బాగున్నాయి అన్నాడు. "ఇంట్లో ఎవరైనా ఆవిడతో మాట్లాడుతూ ఉండాలి" అన్నాడు. అమ్మాయి నాకేసి చూసింది. నేను ఫ్యానుకేసి చూశాను.

మాట్లాడటం కన్నా సొరకాయ పెంచడం తేలికనిపించింది. పాదు కనబడితే ఆవిడే నోరు విప్పుతుందని నా లెక్క. 

ఎలా పెంచాలో తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. ఆవిడను అడగాలంటే మాట్లాడాలి. అందుకని ఆవిడ తమ్ముడికి ఫోన్ చేశాను. ఫోన్‌లోనైతే నేను ఊ కొడితే చాలు, మిగతాది అతనే చూసుకుంటాడు. మా బావమరిది బస్సు కండక్టరుగా చేసి, ఎక్కడో కొండ మీద చల్లటి ఊళ్ళో స్థిరపడ్డాడు. నోట్లో నువ్వుగింజ నానదు. అక్కడ అద్దాల గదిలో కూరగాయలు పండిస్తాడు, పండించిన ప్రతి కాయనూ ఫొటో తీసి పంపుతాడు.

"బావా, నువ్వు నాకు ఫోన్ చేశావంటే ఇవాళ సూర్యుడు ఏ పక్క పొడిచాడో చూడాలి. సొరపాదా? దానిదేముంది, చంటిపిల్లను సాకినట్టు సాకాలి. విత్తనం పెట్టగానే పైన అద్దం కప్పు. గాలి తగలనివ్వకు. కింద ఒక బల్బు పెట్టు, వెచ్చగా ఉంటుంది. చలి సోకిందా, పోయినట్టే."

"ఊ" అన్నాను.

అతను చెప్పింది చెప్పినట్టు చేశాను. కారద్దాలు మార్చేవాడి దగ్గర రెండు పాత అద్దాలు తెచ్చి, వసారాలో కుండీల మీద కప్పాను. సందుల్లో పాత ట్యూబు ముక్కలు అంటించాను. గాలి జొరబడకుండా మూయడం నా వృత్తి. కింద బల్బు వెలిగించాను. మంచి ఎండాకాలం. కాకులు కూడా నీడ వెతుక్కుంటున్నాయి. మొలకలు వచ్చాయి. పొద్దున వచ్చాయి, మధ్యాహ్నానికి ఉడికిపోయాయి. అద్దం తీస్తే వంటింటి వాసన వచ్చింది.

మా ఆవిడ గోడకేసి కూర్చునే ఉంది. కానీ ముక్కు ఎగబీల్చింది. నేను చూశాను.

మళ్ళీ ఫోన్ చేశాను. 

"ఉడికాయా? ఎందుకు ఉడుకుతాయి? అక్కడ ఎండగా ఉందా ఏమిటి?"

"మండిపోతోంది."

"మరి ఆ ముక్క మొన్న చెప్పొద్దూ?"

"నువ్వు అడగలేదుగా."

కాసేపు అటు నుంచీ మాట రాలేదు. బావమరిది మాట ఆగడం మా పెళ్ళినాటి నుంచీ అదే మొదలు. తరవాత తేరుకుని, "అయితే తలకిందులు చెయ్యి బావా. అద్దం తీసెయ్, బల్బు తీసెయ్, ఎంత గాలుంటే అంత గాలికి పెట్టు" అన్నాడు.

ఎంత గాలుంటే అంత అన్నాడు కదా అని ఈసారి కొత్త విత్తనాలను డాబా మీదికి చేర్చాను. షాపులో పాత లారీ టైర్లుంటే అడుగున గోనెపట్టా కుట్టి, కుండీలు చేశాను. మట్టేమో, నది ఒడ్డున వరద వదిలిన ఒండ్రు. అందులో సగం మా పెరటిదే అయి ఉంటుంది, అడిగినా నది చెప్పదు. తట్టలకెత్తి మెట్లెక్కి మోశాను. భవనానికి నీళ్ళు రోజు విడిచి రోజు వదులుతారు. వదిలిన రోజు పాదుకు కడుపునిండా పోసేవాణ్ణి. వదలని రోజు దాని ఖర్మకు దాన్ని వదిలేసేవాణ్ణి. మనుషులకూ అంతే కదా అనుకున్నాను.

సాయంత్రాలు నేను మట్టి మోకాళ్ళతో కిందికి దిగితే మా ఆవిడ మోకాళ్ళకేసి చూసేది. చూసి గోడకేసి తిరిగేది. 

తీగ సాగింది. తెల్లపూలు విచ్చాయి. విచ్చినవి విచ్చినట్టే రాలిపోయాయి. అంత ఎత్తుకు తేనెటీగ రాదని, నువ్వే ఈగ పని చెయ్యాలని, మగపువ్వు కోసి ఆడపువ్వుకు రాయాలని బావమరిది చెప్పాడు. ఏది ఆడదో తెలియక ఫోన్‌లో అడిగితే, "చూస్తే తెలిసిపోతుంది బావా" అన్నాడు. చూశాను. తెలియలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర, ఏడాదిలో నేను ఆడిన అతి పెద్ద మాట ఆడాను. "సొరపువ్వులో ఆడది ఏదో ఎలా తెలుస్తుందే?"

మా ఆవిడ చెయ్యి ఆగింది. నా ముఖంలోకి చూసింది. ఇప్పుడంటుంది అనుకున్నాను. ఆవిడ ఎడమచేతి చూపుడువేలు ఎత్తి, దాని కింద బొటనవేలు బుడిపెలా ఆనించి చూపించింది. పువ్వు కింద పిందె ఉన్నది ఆడది. అంతే. మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టింది. ఇంత పెద్ద ప్రశ్నకు వేళ్ళతో సరిపెట్టింది. నా దగ్గరే నేర్చుకున్నట్టుంది.

ఒక కాయ నిలిచింది. భవనమంతా మేడెక్కి చూసి పోయింది. పాలు పోసే అతను దాని బరువు ఇంతుంటుందని పందెం కాశాడు. అమ్మాయి పంపిన ఫొటో చూసి బావమరిది మొదటి బస్సుకే దిగాడు.

"అక్కా, చూశావా? కొండ మీద కూచుని బావ చేత పండించాను. ఉడికించి ఒకసారి, ఆరబెట్టి ఒకసారి చెప్పాను. చెప్పేవాడుంటే రాయి కూడా కాస్తుంది" అన్నాడు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే.

అక్క అతనికి మంచినీళ్ళిచ్చి గోడ దగ్గరికి పోయింది. కాయను కత్తిపీట పక్కన పెడితే ఒకసారి చేత్తో తడిమింది. నోరు విప్పలేదు. నా లెక్క తప్పిందని అప్పుడే తెలిసింది. ఇంత చేసి, సొరకాయ మిగిలింది.

అమ్మాయి వచ్చి కూర వండింది. మా ఇంట్లో సొరకాయ కోస్తే ముందు తొడిమ దగ్గర చిన్న పలుకు తీసి నాలిక మీద పెట్టుకుని చూడటం మా ఆవిడ పద్ధతి. అది చూడనిదే కత్తి ముందుకు కదిలేది కాదు. మేనమామ ఒక పక్క చెవిలో బస్సు కబుర్లు పోస్తుంటే అమ్మాయి ఆ పలుకు సంగతి మరిచిపోయింది.

వడ్డించింది. నేను ఒక ముద్ద పెట్టుకున్నాను. చేదు. మామూలు చేదు కాదు. చెవుల్లోంచి వచ్చేంత చేదు. బావమరిదికేసి చూశాను. అతని కళ్ళు పెద్దవయ్యాయి. కానీ అది తను పండించిన కాయ.

"ఆహా" అన్నాడు, మింగి. "కొండ గాలి రుచి తగిలింది బావా. ఒంటికి చలవ."

అమ్మాయి కళ్ళ నీళ్ళు తిరుగుతుంటే, "చాలా బాగుంది నాన్నా. లేతగా ఉంది" అంది. తండ్రి తట్టలు మోసింది అది చూసింది. నేను మాట్లాడకుండా తింటున్నాను. అందులో కొత్తేం లేదు కనక ఎవరికీ అనుమానం రాలేదు. ముగ్గురం ఒకరి కోసం ఒకరం విషం మింగుతున్నాం.

మా ఆవిడ ఆఖరున కూర్చుంది. ముద్ద కలిపి, అలవాటుగా నాలిక కొసకు తాకించి, పళ్ళెంలో ఉమ్మేసింది. ఆ తరవాత లేచి నా పళ్ళెం లాగేసింది. తమ్ముడి చేతిలో ముద్ద కొట్టి కింద పడేసింది.

"ఒక్కరూ మింగొద్దు. చేదు సొరకాయ తింటే పేగులు కోసుకుపోతాయి. నోళ్ళా అవి, తూములా? ఏమే, కోసేముందు పలుకు చూడమని పుట్టినప్పట్నుంచీ చెబుతున్నానా లేదా? చలవంట్రా నీకు? పోయి నోరు కడుక్కుని రా, తరవాత చెబుతా నీ సంగతి."

అందరం కడుక్కొచ్చాం. ఆవిడ ఆగలేదు. ఇప్పుడు నా వంతు.

"ఏమయ్యా, ఎక్కడ పెంచావు దీన్ని? డాబా మీదా? నల్లటైర్లోనా? ఎండకు ఆ టైరు పెనమై కూచుంటుంది, వేరు మాడదూ? నీళ్ళు రోజూ పోశావా?"

"వచ్చిన రోజు పోశాను."

"వచ్చిన రోజు విందు, రాని రోజు పస్తు. అలా సాకితే చేదు రాక తీపొస్తుందా? ఒక రోజు పలకరించి ఒక రోజు మానేస్తే మొక్కైనా మనిషైనా అలాగే తయారవుతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నారు, ఊరికే అన్నారా? ఇంట్లో నన్ను పెట్టుకుని కొండ మీద వీణ్ణి అడిగావు. వీడి ఊళ్ళో మంచు, మన ఊళ్ళో నిప్పు. నన్ను ఒక్క మాట అడిగితే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"ఆడపువ్వు అడిగాను."

"అడిగాడండీ, మహానుభావుడు. ఏడాదికో ప్రశ్న." ఊపిరి పీల్చుకుంది. గొంతు తగ్గింది. "పెరడు కొట్టుకుపోయిన రోజు పక్కనే నిలబడ్డావు. టైర్లు లెక్కపెట్టుకున్నావు. అయ్యో, పోయిందే అని ఒక్క మాట అన్నావా? అంటావేమోనని ఇన్నాళ్ళూ నోరు మూసుకుని చూశాను. నీతో పోటీ పెట్టుకున్న నాదీ బుద్ధి తక్కువే."

అమ్మాయి ఏడుస్తోంది, నవ్వుతోంది. బావమరిది గోడకు ఆనుకుని అక్కనే చూస్తున్నాడు. అందరూ నేనేదో అంటానని ఆగారు. 

"పోయిందే" అన్నాను.

"ఇప్పుడా?" అంది మా ఆవిడ. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసి, మజ్జిగతో అందరికీ మళ్ళీ అన్నం పెట్టింది. తనూ తింది. రెండోసారి పెట్టుకుంది. తింటూ తింటూ నన్ను తిట్టింది, టైర్లను తిట్టింది, పాదును మాత్రం, "దానిదేం తప్పు, దిక్కులేనిదానిలా పెరిగింది" అంది. చేదు ఎక్కిన తీగ ఉంచకూడదని, రేపు పొద్దున్నే పీకి పారేసి, టైర్లు నీళ్ళ ట్యాంకు నీడకు జరిపి, వాటికి సున్నం కొట్టమని చెప్పింది. "పీకావో లేదో నేనొచ్చి చూస్తా" అంది.

బావమరిది పక్క వేసుకుంటూ నా చెవిలో, "చూశావా బావా, నా సలహా ఊరికే పోలేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున మేడెక్కాను. టైర్లు నీడకు జరిపాను. సున్నం కొట్టాను. తీగ పీకలేదు. నీళ్ళు రాని రోజు కనక ఇంట్లోంచి బిందె మోసుకెళ్ళి దానికి కుదురు నిండా పోశాను. కిందికి దిగి, డాబా మెట్ల తలుపు ఆవిడ కోసం బార్లా తీసిపెట్టి, షాపుకు పోకుండా గుమ్మంలోనే కూర్చున్నాను.