ఎక్కితే తగ్గే దారి

కాలనీ బస్సు ఉదయం ఏడింటికి బయల్దేరుతుంది. పొగ రాని బస్సు కావాలని అందరూ పోట్లాడి మరీ తెచ్చుకున్న బ్యాటరీ బస్సు. తీరా ఇప్పుడు ఎక్కేది ఒక్కడే, కండక్టరమ్మ మొగుడు. కిడ్నీలు పాడైన మనిషి. రోజు విడిచి రోజు టౌన్లో డయాలిసిస్ చేయించుకోవాలి.

ఆ రోడ్డు సంగతి తెలియనివాళ్లు లేరు. బస్సు నిండితే రోడ్డు పొట్టిదవుతుంది, ఖాళీగా పోతే సాగుతుంది. ఒకప్పుడు టౌను నాలుగు కిలోమీటర్లే. ఎవడో మహానుభావుడు స్కూటరు కొన్నాడు, రోడ్డు కాస్త సాగింది. దూరమైపోయిందని పక్కింటాయనా కొన్నాడు, ఇంకా సాగింది. అలా ఇంటికో స్కూటరొచ్చి, టౌను ముప్పై కిలోమీటర్లయి కూర్చుంది. అందరూ చదువుకున్నవాళ్లే, ఏం లాభం!

ఆ సోమవారం డ్రైవరు బస్సు కదిలించలేదు.

"అక్కా, రాత్రంతా కరెంటు లేదు. ఉన్న చార్జింగ్ పది కిలోమీటర్లకే వస్తుంది."

అంబులెన్సు వాళ్లు మధ్యాహ్నం గాని రామన్నారు. స్కూటరు మీద కూర్చునే ఓపిక కండక్టరమ్మ మొగుడికి లేదు. కాళ్లు ఉబ్బిపోయాయి, ఊపిరి అందడం లేదు.

"ఇవాళ్టికి మానేద్దాం లేవే," అన్నాడు.

"మొన్నా ఓపిక లేదని మానేశావు. ఇంకోసారి మానేస్తే నువ్వుండవు."

టిక్కెట్ల సంచీ భుజాన ఉండగానే ఆమె వెళ్లి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. స్కూటర్లన్నీ ఆగాయి. సిగ్గు విడిచి చేతులు జోడించింది.

"టౌన్లో పనున్నా లేకపోయినా ఎక్కండి. ఊరికే కూర్చోండి చాలు."

"ఆఫీసుకి టైమైపోతోందమ్మా," అని గొణిగాడు హెల్మెట్ పెట్టుకున్న గుమస్తా. కానీ బస్సు కిటికీలో ఆ జబ్బు మనిషి మొహం చూసి బండికి స్టాండేశాడు. అతని వెనక కుట్టుపనామె, లెక్కల టీచరు, ఒక్కొక్కరే ఎక్కారు. స్టాపు దగ్గరి కిలోమీటరు రాయి మీద అంకె ముప్పై నుంచి దిగుతూ దిగుతూ పదకొండు దగ్గర ఆగిపోయింది. వీధిలో ఇక మిగిలింది స్కూటర్ల మెకానిక్కు ఒక్కడే. బస్సు రోజూ నిండితే అతని షాపు మూతే.

ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? కండక్టరమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

మెకానిక్కు స్పానర్ కింద పెట్టి, చేతులు తుడుచుకుని ఎక్కాడు. రాయి మీద పది పడింది.

ఆసుపత్రి గేటు దాటుతూనే బస్సు ఆగిపోయింది. మొగుణ్ణి స్ట్రెచర్ మీద లోపలికి పంపి ఆమె వెనక్కి తిరిగింది. ఎల్లుండి సంగతి అడగాలి. అందరూ గడియారాలు చూసుకుంటున్నారు.

"ఎల్లుండి కూడా ఏడింటికేగా," అన్నాడు మెకానిక్కు. "షాపుకి తాళం వేసే వస్తాను."