అక్క చెప్పే టైం

నెలకోసారి అందరం కలిసి తినే భోజనం మా ఆవిడ పోయాక ఆగిపోయింది. మానేద్దామని ఎవరూ అనలేదు. నర్సుగా చేసే మరదలికి డ్యూటీలు మారతాయి, నాకు బడి, బావమరిదికి గడియారాల కొట్టు. అందరికీ కుదిరే పూట చూసి ఫోన్లు చేసే మనిషి లేదు, అంతే.

బావమరిది కూతురిది కంప్యూటర్ ఉద్యోగం. ఒకరోజు ల్యాప్‌టాప్ తెచ్చి మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"మామయ్యా, ఒక వెబ్‌సైట్ చేద్దాం. అందరికీ కుదిరే పూట అదే చెబుతుంది. ఓపెన్ సోర్స్‌లో పెడతా, కోడ్ ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు. బడిలో టైంటేబుల్ వేసేది నువ్వేగా, ఎలా చేయాలో చెప్పు."

"మీ అత్త ఎప్పుడు కుదురుతుందని అడిగేది కాదు. ఎప్పుడు కుదరదో అడిగేది. అదైతే ఎవరైనా టక్కున చెబుతారు."

"బాగుంది. ఇంకా?"

కాస్త తటపటాయించాను. "మీ నాన్నది ఎప్పుడూ ఆలస్యమేగా, ఆయనకు మాత్రం అసలు టైంకన్నా గంట ముందు టైం చెప్పేది."

పిల్ల పకపకా నవ్వింది. "ఊళ్లో గడియారాలన్నీ బాగుచేసే మనిషికా!" అంతలోనే ఆగింది. "కానీ కోడ్ అందరికీ కనిపిస్తుంది మామయ్యా. చూస్తే ఉడుక్కుంటాడు. రావడమే మానేస్తే?"

నా భయమూ అదే. ఆ సంగతి వదిలేయమన్నాను.

సైటు తయారైంది. ఒక మధ్యాహ్నం కుదిర్చింది. పిల్లా, మరదలూ వచ్చారు. కూర చల్లారింది. బావమరిది జాడ లేదు.

"డ్యూటీకి పోవాలి బావా. అక్క లేకుండా ఇది జరిగే పని కాదులే," అంటూ మరదలు సంచీ భుజాన వేసుకుంది.

అప్పుడు తలుపు తోసుకుని వచ్చాడాయన.

"వచ్చాడండీ దొరగారు! కొట్టునిండా గడియారాలే, ఒక్కటీ చూసుకోవా అన్నయ్యా?"

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీ సైటు పాడైందే. నాకు అసలు టైమే చెప్పింది."

"మరి?"

"మరేంటి! అక్క నాకు గంట ముందు చెబుతుంది. నేను ఆ గంట కలుపుకుని బయల్దేరతా. ఎన్నేళ్ల నుంచి!"

అందరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మరదలు ముందు నవ్వింది. సంచీ దించి, ఆసుపత్రికి ఫోన్ చేసి, కాస్త ఆలస్యంగా వస్తానంది.

"ఆ గంట మళ్లీ పెట్టు," అన్నాడు బావమరిది.

"అందరూ చూస్తారు నాన్నా."

"చూడనీ."

పిల్ల ల్యాప్‌టాప్ తెరిచింది. "కోడ్‌లో ఈ గంటకు ఏం పేరు పెట్టను?"

"అక్క అని పెట్టు."

నేను కూర వేడిచేయడానికి లేచాను.